ఒంటి పీపా మోజు, కలిపిన బోర్బన్ పస

సీసా మీద ‘బ్లెండ్’ అని కనబడగానే మళ్లీ అరలో పెట్టేసేవాళ్లే ఎక్కువ. మనవాళ్లయితే మరీను. అందుకు వాళ్లను తప్పుపట్టలేం. మన వైన్‌షాపుల్లో విస్కీ పేరుతో అమ్ముడుపోయే సరుకులో ఎక్కువ భాగానికి ఆధారం మొలాసిస్ నుంచో ధాన్యం నుంచో తీసిన ఈఎన్ఏ (ఎక్స్‌ట్రా న్యూట్రల్ ఆల్కహాల్). రుచీ వాసనా లేని ఆ స్పిరిట్‌కి కొంత మాల్ట్ విస్కీ, కాస్త ఖరీదైన బ్రాండయితే కొంత స్కాచ్ కలిపి, కారమెల్‌తో రంగు తెచ్చి, 42.8 శాతానికి దించి సీసాలో పోస్తారు. ఆ బ్లెండ్‌కి అలవాటుపడ్డవాళ్లు అమెరికాలో ‘బ్లెండ్ ఆఫ్ స్ట్రెయిట్ బోర్బన్ విస్కీస్’ అన్న లేబుల్ చూసి, దానికి 80, 90 డాలర్లు అడిగితే ఇదేం దోపిడీ అనుకోవడం సహజం.

ఆ లేబుల్ చెప్పేది వేరు. బోర్బన్ అంటే మొక్కజొన్న ప్రధానంగా కాచే అమెరికా విస్కీ. అమెరికా చట్టం ఈ విషయంలో గీతలు గట్టిగానే గీసింది. ఉత్త ‘బ్లెండెడ్ విస్కీ’ అంటే అందులో స్ట్రెయిట్ విస్కీ 20 శాతం ఉంటే చాలు, మిగతాదంతా రుచీ వాసనా లేని తటస్థ స్పిరిట్ కావచ్చు. మన సరుకుకి దగ్గరి చుట్టం ఇదే. ‘బ్లెండెడ్ బోర్బన్’ అంటే స్ట్రెయిట్ బోర్బన్ 51 శాతం ఉండాలి. ‘బ్లెండ్ ఆఫ్ స్ట్రెయిట్ బోర్బన్ విస్కీస్’ అంటే మాత్రం కలిపిన ప్రతి విస్కీ స్ట్రెయిట్ బోర్బనే. తటస్థ స్పిరిట్ ఒక్క చుక్క కూడా పనికిరాదు.

స్ట్రెయిట్ బోర్బన్ అనిపించుకోవడం కూడా తేలిక కాదు. ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి. బట్టీ నుంచి దిగేటప్పుడు 80 శాతం ఆల్కహాల్ దాటకూడదు, దాటితే ధాన్యం రుచి కొట్టుకుపోతుంది. లోపల మాడ్చిన కొత్త ఓక్ పీపాలోకి 62.5 శాతానికి మించకుండా పోయాలి. రెండేళ్లు తగ్గకుండా అందులో ఉంచాలి. పీపాలో నాలుగేళ్లు నిండకపోతే ఆ వయసు లేబుల్ మీద చెప్పితీరాలి. అంటే వయసు రాయని సీసాలో ఉన్నది కనీసం నాలుగేళ్లది. వయసు రాస్తే అది కలిపినవాటిలో అన్నిటికంటే చిన్నదాని వయసు.

ఇలాంటివి రెండు మూడు రాష్ట్రాలనుంచి తెచ్చి కలిపితే ఏమొస్తుందన్నదే ఇక్కడ ప్రశ్న. నన్నడిగితే ఇవాళ బోర్బన్‌లో అసలైన పనితనం కనిపించేది అక్కడే. ఒంటి పీపా సీసాల కోసం వెంపర్లాడేవాళ్లు పనితనానికి కాకుండా అదృష్టానికి డబ్బు కడుతున్నారు.

ఒంటి పీపా అంటే ‘సింగిల్ బ్యారెల్’. 1984లో ఎల్మర్ టీ. లీ అనే ఆయన బ్లాంటన్స్ పేరుతో ఈ పద్ధతిని బజారుకి తెచ్చాడు. అప్పట్లో బోర్బన్ గిరాకీ పడిపోయి ఉంది. గిడ్డంగిలో మంచిచోట పెరిగిన పీపాని విడిగా సీసాల్లో పోసి ఎక్కువ ధరకి అమ్మడం వ్యాపారంగా మంచి ఎత్తు. బోర్బన్ పీపా సుమారు 200 లీటర్లు. అందులోంచి ఏటా మూడు నుంచి ఐదు శాతం ఆవిరైపోతుంది, చెక్క పీల్చుకునేది అదనం. ఏడెనిమిదేళ్ల పీపా విప్పితే 150 నుంచి 200 సీసాలు వస్తాయి. వాటిలో ఉండేది ఆ ఒక్క పీపా చెప్పగలిగినంత మాత్రమే. మొదటి వాసన బాగుండి మధ్యలో డొల్లగా ఉంటే డొల్లగానే ఉంటుంది. చివర్లో వగరు మిగిలితే వగరే మిగులుతుంది. సరిదిద్దే దారి లేదు.

పీపాకీ పీపాకీ ఎందుకంత తేడా? కెంటకీ గిడ్డంగులు చాలావరకు ఏడు, తొమ్మిది అంతస్తుల ఎత్తుంటాయి. పై అంతస్తుల్లో వేడి, పొడి గాలి. అక్కడ ఆల్కహాల్ కంటే నీళ్లే ఎక్కువగా ఆవిరవుతాయి, కాబట్టి ఏళ్లు గడిచేకొద్దీ ఘాటు పెరుగుతుంది. 62.5 దగ్గర పోసింది 65, 67కి ఎక్కుతుంది. చెక్కలోంచి రంగు, వెనిల్లా, వగరునిచ్చే టానిన్ వేగంగా దిగుతాయి. కింది అంతస్తుల్లో చల్లదనం, తేమ. అక్కడ ఘాటు తగ్గుతుంది, చెక్క నెమ్మదిగా పనిచేస్తుంది, పండ్ల వాసనలు నిలుస్తాయి. ఒకే రోజు, ఒకే బట్టీ నుంచి దిగిన సారా ఈ రెండుచోట్లా పదేళ్లుంటే అన్నదమ్ములని చెప్పడం కష్టం. అందుకే పెద్ద కంపెనీలు వందల పీపాలు ఒక్కసారి విప్పి కలుపుతాయి. అన్నీ ఒకే రాష్ట్రంలోని స్ట్రెయిట్ బోర్బన్లయితే, కలిపిన తర్వాత కూడా లేబుల్ మీద ‘స్ట్రెయిట్ బోర్బన్’ అని రాసుకోవచ్చు. అంటే మీరు ‘బ్లెండ్ కాదు’ అనుకుని కొనే సీసాలో ఉన్నది కూడా కలిపిందే. రాష్ట్రం సరిహద్దు దాటింది కాబట్టి పక్క సీసా మీద ఆ మాట పడింది, అంతే.

కలపడంలో ఏముందో చూడాలంటే ఫోర్ రోజెస్‌ని మించిన పాఠం లేదు. ఇది కెంటకీలోని లారెన్స్‌బర్గ్‌లో ఉంది. రెండు ధాన్యపు పాళ్లు వాడతారు. ‘ఈ’ అన్నదాంట్లో మొక్కజొన్న 75, రై అనే ధాన్యం 20, బార్లీ మాల్ట్ 5 శాతం. ‘బీ’లో 60, 35, 5. ఈస్టులు ఐదు. ‘వీ’ సున్నితమైన పండ్ల వాసన ఇస్తుంది, ‘కే’ మసాలా, ‘ఓ’ చిక్కటి పండ్ల వాసన, ‘క్యూ’ పూల వాసన, ‘ఎఫ్’ ఆకు వాసన. రెండింటినీ ఐదింటితో గుణిస్తే పది రకాల బోర్బన్. వీటిని విడివిడిగా పీపాల్లో పెంచి, కావలసినవి కలుపుతారు. స్మాల్ బ్యాచ్ సీసాలో పడేవి నాలుగు: రెండు ధాన్యపు పాళ్లు, ‘ఓ’, ‘కే’ ఈస్టులు. ఇంకో తమాషా ఏమిటంటే గిడ్డంగి వల్ల వచ్చే తేడా తగ్గించడానికి వీళ్లు ఒంటి అంతస్తు గిడ్డంగులే కట్టుకున్నారు. తేడా కావాలి, అది తాము ఎంచుకున్నచోటే కావాలి. బ్లెండింగ్ అంటే అదీ.

ఇదే ఫోర్ రోజెస్ పేరు అమెరికాలో కొన్ని దశాబ్దాలు పరువు పోగొట్టుకుంది కూడా. సీగ్రామ్ అనే కెనడా మద్యం కంపెనీ చేతిలో ఉన్నప్పుడు అసలు బోర్బన్‌ని జపాన్‌కి, యూరప్‌కి పంపి, స్వదేశంలో ఆ పేరుతో తటస్థ స్పిరిట్ కలిపిన చవక బ్లెండ్ అమ్మారు. 2002లో జపాన్ కంపెనీ కిరిన్ కొన్న తర్వాత ఆ చవక సరుకు ఆపేశారు, బోర్బన్ తిరిగి సొంతూరికొచ్చింది. అమెరికన్లకు బ్లెండ్ అంటే ఉన్న చిన్నచూపు ఇలాంటి కాలం నుంచి వచ్చిందే. దాని మూలాలు ఇంకా పాతవి. 19వ శతాబ్దంలో స్పిరిట్‌లో రంగులూ రసాలూ కలిపి విస్కీ అని అమ్మేవాళ్ల బెడద పడలేక 1897లో బాటిల్డ్ ఇన్ బాండ్ చట్టం తెచ్చారు. 1909లో అధ్యక్షుడు టాఫ్ట్ కూర్చుని స్ట్రెయిట్ ఏది, బ్లెండెడ్ ఏది అని తేల్చాడు. నూరేళ్లనాటి ఆ తగువు మచ్చ ఇప్పటి సీసా మీద కూడా పడుతోంది.

రాష్ట్రాలు దాటి కలిపేవాళ్ల దగ్గరికొస్తే, సరుకు ఎక్కువగా మూడు చోట్లనుంచి వస్తుంది. ఇండియానాలో కూడా ఒక లారెన్స్‌బర్గ్ ఉంది, పాత సీగ్రామ్ బట్టీ అక్కడే. తర్వాత ఎంజీపీ అనే కంపెనీ చేతికొచ్చింది, 2021 నుంచి రాస్ అండ్ స్క్విబ్ అంటున్నారు. అక్కడి బోర్బన్ ప్రధానంగా రెండు రకాలు: 21 శాతం రై ఉన్నది, 36 శాతం రై ఉన్నది. రెండోదానికి ఘాటూ నదురూ ఎక్కువ, ముక్కుకి వెంటనే తగులుతుంది, కానీ ఒంటరిగా తాగితే ఒళ్లు పలచన. రెండో చోటు టెనసీలోని టల్లహోమా దగ్గర, జార్జ్ డికెల్ బట్టీ. మొక్కజొన్న 84, రై 8, మాల్ట్ 8. వయసు మీరినవి దొరుకుతాయి. తీపి, వేరుశెనగ, దానితోపాటు పిల్లలు చప్పరించే విటమిన్ బిళ్లల వాసన. ఆ బిళ్ల వాసన కొందరికి ప్రాణం, కొందరికి గిట్టదు. మూడోది కెంటకీ. అక్కడివి నడుము గట్టివి, కారమెల్, ఓక్, నోరంతా నిండే నూనెదనం.

ఇప్పుడు మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఇండియానాకి ఉన్నది టెనసీకి లేదు, టెనసీకి ఉన్నది ఇండియానాకి లేదు, రెండింటికీ లేని నడుము కెంటకీ దగ్గరుంది. లూయీవిల్‌లో బారెల్ క్రాఫ్ట్ స్పిరిట్స్ 2013లో మొదలై, సొంత బట్టీ లేకుండా, ఈ మూడు రాష్ట్రాల పీపాలు కలిపి నీళ్లు పోయకుండా పీపా ఘాటుతోనే అమ్మి పేరు తెచ్చుకుంది. యూటాలో హై వెస్ట్ వాళ్ల అమెరికన్ ప్రెయిరీ కూడా స్ట్రెయిట్ బోర్బన్ల కలయికే. బార్డ్స్‌టౌన్ బోర్బన్ కంపెనీ ఇంకో మెట్టు పైకెళ్లి, డిస్కవరీ వరుసలో ఏది ఎంత శాతం, ఏ వయసు, ధాన్యం పాళ్లేమిటి అన్నీ లేబుల్ మీదే అచ్చేసింది. ఈ పని అందరూ చేస్తే నేను రాయాల్సింది సగం తగ్గేది.

బల్లమీద ఈ పని ఎలా జరుగుతుందో చూద్దాం. మూడు నమూనాలున్నాయనుకోండి: ఇండియానా ఐదేళ్లది 58 శాతం, కెంటకీ గోధుమ బోర్బన్ (రై బదులు గోధుమ వేసింది) ఏడేళ్లది 60 శాతం, టెనసీ పన్నెండేళ్లది 55 శాతం. ముందు ఒక్కోదాన్ని నీళ్లతో 20 శాతం దాకా పలచన చేసి వాసన చూస్తారు. అంత పలచగా ఎందుకంటే 58 శాతం దగ్గర ముక్కు రెండు నిమిషాల్లో మొద్దుబారిపోతుంది, లోపాలు ఘాటు వెనక దాక్కుంటాయి. తర్వాత 50, 35, 15 పాళ్లలో 100 మిల్లీలీటర్లు కలుపుతారు. 58లో సగం 29, 60లో 35 శాతం 21, 55లో 15 శాతం 8.25. మొత్తం 58.25 శాతం. దీన్ని 50కి దించాలంటే లెక్క ప్రకారం 16.5 మిల్లీలీటర్ల నీళ్లు చాలు. కానీ నీళ్లూ ఆల్కహాలూ కలిస్తే పరిమాణం కొద్దిగా కుంచించుకుపోతుంది కాబట్టి ఇంకాస్త పడుతుంది. అందుకే బాట్లింగ్ చేసేవాళ్లు చివర్లో లెక్కని కాదు, కొలతనే నమ్ముతారు. నీళ్లు కూడా ఒక్కసారి గుమ్మరించరు. కొద్దికొద్దిగా, రోజుల తరబడి, కలియబెడుతూ పోస్తారు.

టెనసీ పన్నెండేళ్లది 15 దగ్గరే ఎందుకు ఆగింది? పాత బోర్బన్ పోపులో ఇంగువ. కొత్త ఓక్‌లో పన్నెండేళ్లంటే టానిన్ బాగా దిగి ఉంటుంది. 15 శాతం దగ్గర అది మిగతా రెండింటికీ లోతు ఇస్తుంది, పాత చెక్క, ఎండిన పండ్ల వాసన తెస్తుంది. 30కి తీసుకెళ్లండి, నాలుక మీద వగరు తప్ప ఇంకేమీ మిగలదు. ఈ సంగతి తెలియని కంపెనీలు ‘15 ఏళ్ల బోర్బన్ కలిపాం’ అని గొప్పగా చెప్పుకుని చెక్కపొడి నీళ్లు అమ్ముతుంటాయి. వయసు ఎక్కువైతే మంచిదన్న భ్రమ స్కాచ్ నుంచి వచ్చింది. అక్కడ పీపాలు ఎక్కువగా ఒకసారి వాడినవి, వాతావరణం చల్లన. కొత్త పీపాలో, కెంటకీ ఎండల్లో ఆ లెక్క కుదరదు.

రెండో తప్పు దీనికి ఎదురు దిక్కులో జరుగుతుంది. ఏడెనిమిది రకాలు కలిపేస్తే గొప్పగా ఉంటుందనుకుంటారు. ఉండదు. ఒకదాని పండు వాసన ఇంకోదాని మసాలాని మింగి, దాని తీపిని మూడోదాని వగరు చంపి, చివరికి ఏ వంకా లేని, ఏ ఊసూ లేని విస్కీ తయారవుతుంది. బ్లెండ్ల మీద నాకున్న అసలు ఫిర్యాదు కూడా ఇదే, పీపా ఘాటుతో వచ్చే ఖరీదైన సీసాలు కూడా ఈ గోతిలో పడుతుంటాయి. మంచి బ్లెండ్‌లో ఒకటి ముందుండాలి, ఒకటి దాన్ని మోయాలి, ఒకటి చివర్లో పలకాలి. నాలుగోది వేసేముందు అది ఏ ఖాళీ పూడుస్తుందో చెప్పగలగాలి. మూడో తప్పు తొందర. కలిపిన రోజు ఘాటు ఒకపక్క, తీపి ఒకపక్క విడివిడిగా తెలుస్తాయి. వారం, రెండు వారాలాగితే సర్దుకుంటాయి. అదే రోజు రుచి చూసి పాళ్లు మార్చడం మొదలుపెడితే ఆ పనికి అంతుండదు.

కొనేటప్పుడు లేబుల్ వెనక్కి తిప్పి చూడండి. కాచిన రాష్ట్రం పేరు ఉందా? ‘ఇండియానా, టెనసీ, కెంటకీలలో కాచినవి’ అని ఉంటే దాచేదేమీ లేదన్నమాట. ‘బాటిల్డ్ బై’ అని మాత్రమే ఉంటే చాలావరకు వాళ్లు కాచలేదు, కొన్నారు. అది తప్పు కాదు, కానీ పక్కనే తాతగారి బట్టీ కథ ఉంటే జాగ్రత్తపడండి. వయసు చూడండి. 2, 3 ఏళ్లు అని ఉండి 70 డాలర్లంటే వద్దు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: ‘బ్లెండ్ ఆఫ్ స్ట్రెయిట్’ అన్న వర్గంలో కొద్దిపాటి రంగు, రుచి పదార్థాలకు చట్టం తలుపు తెరిచే ఉంచింది. స్ట్రెయిట్ బోర్బన్‌కి ఆ వీలు లేదు. పేరున్నవాళ్లు ఆ జోలికి పోరు, పోకపోతే ఆ మాట లేబుల్ మీద రాసుకుంటారు కూడా. రాయని కొత్త బ్రాండ్‌ని అడిగి తెలుసుకోవడంలో మొహమాటం అక్కర్లేదు. ‘స్మాల్ బ్యాచ్’ అన్న మాటకి చట్టంలో ఏ అర్థమూ లేదు, దానికి ఒక్క డాలరు కూడా ఎక్కువ ఇవ్వొద్దు.

ఇండియాలో ఉన్నవాళ్లకి ధరే అడ్డం. 2025 ఫిబ్రవరిలో బోర్బన్ మీద దిగుమతి సుంకం 150 నుంచి 100 శాతానికి తగ్గించారు. తగ్గినా, దాని మీద రాష్ట్రం వేసేది ఉండనే ఉంది. అమెరికా నుంచి వచ్చేవాళ్ల చేత తెప్పించుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. పీపా ఘాటు బ్లెండ్ 57 శాతముంటే, 60 మిల్లీలీటర్ల పెగ్గులో అసలు ఆల్కహాల్ 34.2 మిల్లీలీటర్లు. మన 42.8 శాతం పెగ్గులో 25.7. మూడు పెగ్గులు తాగితే నాలుగు తాగినట్టు. దీన్ని సోడాతో ముంచేయకండి, 30 మిల్లీలీటర్లకి ఒక చెంచా, అంటే 5 మిల్లీలీటర్ల నీళ్లు వేస్తే 50 శాతం దగ్గరికి దిగుతుంది, వాసనలు విచ్చుకుంటాయి. ఐసు వేశాక కొద్దిగా మబ్బుపడితే కల్తీ అనుకోవద్దు. చల్లబరిచి వడకట్టని విస్కీలో కొవ్వు ఆమ్లాల ఎస్టర్లు 46 శాతం కిందికి దిగి చల్లబడితే అలా పొగమంచులా తేలతాయి.

ఖరీదైన సీసా కొనకుండానే ఈ పసేమిటో తెలుసుకునే దారి ఉంది. మేకర్స్ మార్క్, ఫోర్ రోజెస్ సింగిల్ బ్యారెల్, జార్జ్ డికెల్ ఎనిమిదేళ్ల బోర్బన్ తీసుకోండి. అమెరికాలో మూడూ సులువుగా దొరికేవే. మొదటిది 45 శాతం, రై బదులు గోధుమ వేసింది, మెత్తన. రెండోది 50 శాతం, రై ఎక్కువ, ముక్కుకి ఎదురొస్తుంది. మూడోది 45 శాతం, టెనసీది. మెడికల్ షాపులో సూది లేని సిరంజి కొనండి. ఫోర్ రోజెస్ 15, మేకర్స్ 20, డికెల్ 5 మిల్లీలీటర్లు. మొత్తం 40, ఘాటు 46.9 శాతం. కాటాతో తూచేవాళ్లు గ్రాములనే మిల్లీలీటర్లుగా లెక్కేయకండి, ఈ ఘాటు దగ్గర ఆరేడు శాతం తేడా వస్తుంది. సగం తీసి సమానంగా నీళ్లు కలిపి వాసన చూడండి, మిగతా సగం మూత బిగించి పక్కన పెట్టండి.

మసాలా మరీ ముందుకొస్తే ఫోర్ రోజెస్ 10కి తగ్గించి మేకర్స్ 25 చేయండి. చప్పగా, తియ్యగా మిగిలితే దానికి విరుద్ధం. డికెల్‌ని 10కి పెంచితే బిళ్ల వాసన పైకొస్తుంది, ఎక్కడ అది ఇష్టం నుంచి విసుగులోకి మారుతుందో ఎవరి ముక్కు వాళ్లకి చెబుతుంది. ఒకసారికి ఒక్కటే మార్చండి, పాళ్లు సీసా మీద రాసిపెట్టండి. వారం తర్వాత కూడా నచ్చిన పాళ్లనే 200 మిల్లీలీటర్లకి పెంచి, అంచుదాకా నిండే చిన్న సీసాలో పోయండి. సగం ఖాళీ పెద్ద సీసాలో పోస్తే లోపలి గాలికి పై వాసనలు కొన్ని నెలల్లోనే చప్పబడతాయి.